మూడూ పది నుంచి మూడున్నర దాకా

సోమవారం పొద్దున హెడ్డుగారు పుస్తకమ్మను పిలిచి, శుక్రవారంలోగా ఒక పేజీ రాసిపెట్టమన్నారు. ఒక్కటంటే ఒక్క పేజీ. వార్డులో రోగి మంచం పక్కనున్న బటన్ నొక్కితే సిస్టర్ల కౌంటర్ దగ్గర బెల్లు ఎలా మోగుతుందో, నొక్కాక మోగకపోవడమంటూ ఎందుకు జరగదో అందులో ఉండాలి. కింద రెండు సంతకాలు, ఒకటి ఆయనది, రెండోది పుస్తకమ్మది.

ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. సెట్టింగుల పుస్తకం చూస్తుంది కాబట్టి పుస్తకమ్మ. పేరుకు పుస్తకమే గాని కాగితమన్నది లేదు, అంతా తెర మీదే. ఆస్పత్రిలో పదకొండు సర్వర్లున్నాయి. ప్రతిదాని లోపలా కెర్నెల్ అని ఒక ఇంటిపెద్ద కూర్చుని, ఉన్న మెమరీని ఏ ప్రోగ్రాంకి ఎంత పంచాలో, ఎవరి దగ్గర్నుంచి ఎప్పుడు వెనక్కి లాక్కోవాలో చూస్తుంటుంది. ఆ పెద్దకు చెప్పిపెట్టాల్సిన మాటలు నూట ముప్పై దాకా ఉంటాయి. ఎప్పుడూ ఎంత మెమరీ ఖాళీగా అట్టిపెట్టాలి, ఉన్నదానికంటే ఎక్కువ ఇస్తానని ప్రోగ్రాములకు మాటివ్వొచ్చా, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేని రోజున ఎవర్ని చంపి చోటు చేసుకోవాలి. ఒక్కో మాటకూ పుస్తకంలో ఒక్కో వరస ఉంటుంది. పేరు, విలువ, ఎందుకు, ఎవరు అడిగారు అని నాలుగు గడులు.

ఆ విభాగంలో ఒక పద్ధతి ఉంది. సర్వర్ దగ్గరికి వెళ్లి ఎవరూ విలువలు మార్చకూడదు. పుస్తకంలో మారిస్తే చాలు. ప్రతి సోమవారం తెల్లారేసరికి, లేదా రీస్టార్ట్ చేసినప్పుడల్లా, సర్వర్లే పుస్తకం చదువుకుని తమను తాము దిద్దుకుంటాయి. పుస్తకంలో ఉన్నదే మిషన్లో ఉంటుంది, పుస్తకంలో లేనిది మిషన్లో ఉండదు. అందుకే ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా కనిపిస్తే పుస్తకమ్మకు ముద్ద దిగదు.

పేజీ ఎవరికోసం అని అడిగితే హెడ్డుగారు ఫైలు ముందుకు తోశారు. రెండు వారాల కిందట రెండో అంతస్తు వార్డులో, తొమ్మిదో గదిలో, తాళాలు బాగుచేసే ముసలాయన ఒకాయన పోయాడు. మంచం పక్కన బటన్ పెట్టె తన లెక్క తాను రాసుకుంటుంది. అందులో మధ్యాహ్నం మూడూ పన్నెండుకు ఒకసారి, మూడూ పదహారుకు ఒకసారి, మూడూ ఇరవయ్యొకటికి ఒకసారి నొక్కినట్టుంది. కౌంటర్లో సిస్టరు ఉంది. మూడూ నలభై దాకా వెళ్లలేదు. బెల్లు మోగలేదని మొదట్లో చెప్పింది. శుక్రవారం పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ ముందు విచారణ. ఆ పేజీ ఫైల్లో పెడితే ఇక మాట్లాడటానికేమీ ఉండదని హెడ్డుగారు అన్నారు.

చూడకుండా రాయడం పుస్తకమ్మకు అలవాటు లేదు. మధ్యాహ్నం భోజనం కాగానే రెండో అంతస్తుకి వెళ్లింది.

విచారణ అయ్యేదాకా సిస్టరును డ్యూటీలోనే ఉంచారు. నలభై అయిదేళ్ల మనిషి, జేబుకు వాచీ తగిలించుకుంది. ఆమె ముందు అరచేతంత తెర ఉంది. బెల్లు మోగితే దానిమీద గది నంబరు వెలుగుతుంది. ఒకేసారి పదిమంది నొక్కినా ఒక్కో నంబరే వస్తుంది, ఆ గదికి వెళ్లి మంచం తల దగ్గరున్న బటన్ నొక్కి ఆపితేగాని తరవాతి నంబరు రాదు. కూర్చున్నచోటు నుంచి ఆపే వీల్లేకుండా అలా పెట్టారు. సిస్టరు మాత్రం దానికి తోడు సొంత పద్ధతి ఒకటి మొదలుపెట్టింది. బెల్లు మోగగానే చీటీ మీద నంబరు రాస్తుంది, వెళ్తుంది, వచ్చాక కొట్టేస్తుంది. మేజా సొరుగు నిండా అలాంటి చీటీలే.

పుస్తకమ్మ ఏమీ అడక్కముందే సిస్టరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించింది. చెవుల డాక్టరు ఇచ్చింది.

“చెవులు బాగున్నాయన్నారండీ. అంటే బాగోలేనిది బుర్రేగా,” అంది. “నేను ఒప్పుకుని సంతకం పెట్టేశాను. పెట్టె అబద్ధం రాయదు కదా. ఆయన మూడుసార్లు పిలిచారు, నాకు వినపడలేదు. ఇప్పుడు ఇంట్లో చెంచా కింద పడ్డా లేచి నిలబడుతున్నాను.”

ఈ మాటలు ఆమె ఏడుస్తూ చెప్పలేదు. పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. పుస్తకమ్మకు అదే బాగోలేదు.

మాట మార్చడానికి, బెల్లు అసలెప్పుడైనా తప్పు చేసిందా అని అడిగింది. సిస్టరు, తప్పు అనొచ్చో లేదో తెలియదుగాని, ఈ వార్డులో ఖాళీ గదులు పిలుస్తాయని చెప్పింది. ఏడాది కిందట ఒక ఆదివారం పొద్దున, నాలుగో గదికి రంగులు వేయించడానికి తాళం పెట్టి ఉంటే, నాలుగో గది నుంచి బెల్లు మోగింది. తాళం తీసి వెళ్లి ఆపితే మళ్లీ మోగింది. అలా ఎనిమిదిసార్లు. ఆ తరవాత వేరే గదులు, రెండు మూడు నెలలకోసారి. రంగులవాళ్లు ఆ గది సగంలో వదిలేసి పోయారట. పుస్తకమ్మ నవ్వబోయి సిస్టరు మొహం చూసి మానేసింది.

రెండు నుంచి మూడింటి దాకా తొమ్మిది బెల్లులు మోగాయి. పుస్తకమ్మ తన కాగితం మీద టైములు వేసుకుంటూ కూర్చుంది. మూడూ అయిదుకు ఒకటి, మూడూ ఎనిమిదికి ఇంకొకటి. ఆ తరవాత వార్డంతా ఒక్కసారిగా చల్లబడింది. తలుపులు చప్పుడు చేయలేదు. ఫ్యాన్లు తిరుగుతున్న సంగతి అప్పుడే తెలిసినట్టయింది. ఈ టైముకి అందరూ కునుకు తీస్తారని సిస్టరు మెల్లగా అంది, కలం మాత్రం చేతిలోంచి దించలేదు.

కాళ్లు పట్టేసి పుస్తకమ్మ లేచి వరండాలో నాలుగడుగులు వేసింది. ఆరో గది తలుపు ఓరగా ఉంది. లోపల మంచం మీద ఒకావిడ పక్కకు తిరిగి పడుకుని తలుపువైపే చూస్తోంది. పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందులోంచి ఎర్ర దీపం కనిపిస్తోంది. నొక్కినప్పుడే వెలిగే దీపం అది. ఆవిడ మొహంలో కోపంగాని కంగారుగాని లేవు, ఇదిగో ఇప్పుడే వస్తారన్న నమ్మకమే ఉంది. పుస్తకమ్మ వెనక్కి తిరిగి కౌంటర్ వైపు చూసింది. సిస్టరు తెరకేసి కళ్లార్పకుండా చూస్తోంది. తెర నల్లగా ఉంది. ఎక్కడా చడీ చప్పుడూ లేదు.

ఆవిడ బొటనవేలు మళ్లీ కదిలింది. దీపం ఆరి మళ్లీ వెలిగింది.

పుస్తకమ్మ లోపలికి వెళ్లి ఎన్నిసార్లు నొక్కారని అడిగింది. ఇది నాలుగోసారమ్మా, సెలైను అయిపోయింది చూడు అంది ఆవిడ. వాచీలో మూడూ పంతొమ్మిది. సిస్టర్ని కేకేస్తే పరుగెత్తుకొచ్చి సూది తీసింది. ఇద్దరూ ఆ మంచానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. మూడున్నర కాగానే కౌంటర్లో బెల్లు మోగింది. రెండో గది. సిస్టరు చీటీ మీద రెండు అని రాసుకుని వెళ్లింది.

*

మంగళవారం పొద్దున పుస్తకమ్మ సర్వర్ గదికి వెళ్లింది. అక్కడి మిషన్లు చూసే ఆయన్ని అందరూ అన్నయ్య అంటారు, ఆ చలికి ఆయనకు ఏడాది పొడుగునా స్వెటర్ తప్పదు. బెల్లు నడిపే సర్వర్లో కెర్నెల్ తన పనులు రాసుకునే చిట్టా, అదే లాగ్, కావాలని అడిగితే, ఆ ముసలి డొక్కును ఎవరూ పలకరించరు చెల్లెమ్మా, నీకెందుకు పుట్టింది ఆ బుద్ధి అంటూ తీసిచ్చాడు.

నిన్న మూడూ పదికి ఒక వాక్యం ఉంది. మెమరీ చాల్లేదు, ఫలానా ప్రోగ్రాంని చంపాను, అని. ఆ ఫలానా ప్రోగ్రాం బెల్లుది. మొన్న మూడూ పదికి అదే వాక్యం, అటుమొన్నా అదే. పుస్తకమ్మ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. పోయిన నెలలోనూ, దాని ముందు నెలలోనూ, రోజుకొక్కటి చొప్పున, అక్షరం తేడా లేకుండా అదే వాక్యం. మనుషులైతే ఒకే పని రోజూ చేసినా ఒక నిమిషం అటో ఇటో చేస్తారు. ఇది మూడూ పదికే చేసింది.

అలా ఎందుకన్నది తెలుసుకోవడానికి ఆమెకు పెద్ద కష్టం కాలేదు. పొద్దున తీసిన ఎక్స్‌రే బొమ్మలన్నిటినీ మూడింటికి ఒక ప్రోగ్రాం కుదించి దాస్తుంది. అది తిండిపోతు. పది నిమిషాల్లో ఉన్న మెమరీ అంతా మింగేస్తుంది. అప్పుడు కెర్నెల్ ఎవర్నో ఒకర్ని చంపక తప్పదు. న్యాయంగా అయితే ఆ తిండిపోతునే చంపాలి. కానీ ఎక్స్‌రే వాళ్లు ముందే వచ్చి మా ప్రోగ్రాంని ముట్టుకోవద్దని అడిగారు, పుస్తకంలో దానికి మైనస్ వెయ్యి అని పడింది. మైనస్ వెయ్యి ఉన్నదాని జోలికి కెర్నెల్ పోదు. ల్యాబు వాళ్లూ అడిగారు, మందుల గది వాళ్లూ అడిగారు, ఆఖరికి వంటగది చీటీలు అచ్చువేసే ప్రోగ్రాంకీ మైనస్ వెయ్యి ఉంది. అడగందే అమ్మయినా పెట్టదు. ఆ సర్వర్లో ఎవరూ వచ్చి అడగనిది ఒక్క బెల్లు ప్రోగ్రామే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, కెర్నెల్‌కు చంపడానికి మిగిలింది అదొక్కటే. చచ్చినవాటిని లేపడానికి కాపలా ప్రోగ్రాం ఒకటుంది, అది మూడున్నరకు వచ్చి లేపుతుంది. పుస్తకమ్మ వెంటనే వార్డుకు ఫోన్ చేసి, ఇవాళ్టి నుంచి ఆ ఇరవై నిమిషాలూ గదులు తిరుగుతూనే ఉండమని చెప్పింది.

అప్పుడు పుస్తకమ్మ పుస్తకం తెరిచి, ఆ సర్వర్ పేజీలో పాత మార్పులు చూసింది. బెల్లు ప్రోగ్రాంకు ఒకప్పుడు వరస ఉంది. విలువ మైనస్ వెయ్యి. రాసింది ఆమెకు ముందు పుస్తకం చూసిన పెద్దాయన. ‘ఎందుకు’ గడిలో, “ముట్టుకోవద్దు. నన్ను అడగండి” అని ఉంది. ‘ఎవరు అడిగారు’ గడి ఖాళీ. దాని కింద పద్నాలుగు నెలల కిందటి తేదీ వేసి, ఇంకో వాక్యం ఉంది: “ఎందుకో రాయలేదు. ఎవరు అడిగారో రాయలేదు. వరస తీసేశాను.” పక్కన తన పేరు.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. అలాంటి అనాథ వరసలు పంతొమ్మిది తీసేసి, పేజీ అద్దంలా ఉందని మురిసిపోయింది. నన్ను అడగండి అన్న పెద్దాయన అప్పటికి పోయి రెండు నెలలైంది. అడగడానికి మనిషి లేడు కాబట్టి అడగక్కర్లేదనుకుంది. ఎంత సులువుగా అనుకుంది.

అన్నయ్య ఇంకొకటి చూపించాడు. ప్రోగ్రాం చచ్చిపడున్న ఆ ఇరవై నిమిషాల్లో నొక్కిన పిలుపులు ఎక్కడికీ పోవట. ఒక పక్కన పడి ఉంటాయట. లేచిన ప్రోగ్రాం కొత్తవాటినే చూస్తుంది. సర్వర్ మొత్తం రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఆ పాతవన్నీ ఒక్కసారి బయటికొస్తాయి. పదకొండు వారాల కిందట చివరి రీస్టార్ట్. ఇప్పుడు ఆ పక్కన నలభై మూడు పిలుపులున్నాయి. ఒక్కొక్కదాని మీదా గది నంబరు, తేదీ, టైము. పుస్తకమ్మ వేలు పెట్టి కిందకి చదువుతూ పోయింది. తొమ్మిదో గది, మూడూ పన్నెండు. తొమ్మిదో గది, మూడూ పదహారు. తొమ్మిదో గది, మూడూ ఇరవయ్యొకటి.

“ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయా అన్నయ్యా?” అంది.

“ఎక్కడికి పోతాయి? తీసుకునేవాడు లేడుగా,” అన్నాడు అన్నయ్య.

ఏడాది కిందటి రీస్టార్ట్ ఏ రోజున చేశారని అడిగింది. ఆయన చూసి చెప్పాడు. ఆదివారం. రంగులకోసం నాలుగో గదికి తాళం వేసిన రోజే. అంతకుముందు నెలలో ఆ నాలుగో గదిలో ఎవరున్నారో పుస్తకమ్మ ఏ లాగూ తిరగేయక్కర్లేదు. ఆమె అత్తగారే ఉన్నారు.

*

అత్తగారికి అప్పట్లో మోకాలికి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే అయింది, మూడోరోజు మంచం దిగబోయి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచీ నాలుగు కాళ్ల చేతికర్రే. బెల్లు కొట్టకుండా ఎందుకు దిగావమ్మా అని కొడుకు కేకలేశాడు. కోడలు కేకలెయ్యలేదు. మొండితనమని చుట్టాలతో ఫోన్లో చెప్పిందంతే. కొట్టాను, ఎవరూ రాలేదు అని ఆవిడ ఒకటి రెండుసార్లు చెప్పి, గోడకు చెప్పినట్టుందని ఊరుకున్నారు.

సాయంత్రం పుస్తకమ్మ ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. కర్ర గ్యాస్ బండకు ఆనించి ఉంది. పుస్తకమ్మ బ్యాగ్ భుజాన ఉండగానే కింద చతికిలబడింది.

“అత్తయ్యా, ఆ రోజు ఎన్నిసార్లు నొక్కారు?”

ఏ రోజని ఆవిడ అడగలేదు. చిక్కుడుకాయ తుంచుతూ, “ఎనిమిది,” అన్నారు. “అప్పుడూ చెప్పాను.”

పుస్తకమ్మ బ్యాగ్ దించి కింద పెట్టింది. అంతా చెప్పింది. ఎక్స్‌రే బొమ్మలు, మైనస్ వెయ్యి, తీసేసిన వరస. తన పేరు చెప్పేచోట కళ్లు దించుకుంది. ఆ ఎనిమిది పిలుపులూ నెల్లాళ్లు ఒక పక్కన పడుండి, తాళమేసిన గదిలోంచి వరసగా మోగాయని, రంగులవాళ్లు పని వదిలేసి పారిపోయారని చెప్పింది. అత్తగారు చెయ్యి ఆపి విన్నారు.

“అంటే బతికుండగానే దెయ్యాన్నయ్యానన్నమాట,” అని నవ్వారు. ఆ తరవాత నవ్వు పోయింది. “నేను అబద్ధం చెప్పలేదని తెలియడానికి ఇంత యంత్రాంగం కావలసొచ్చింది.”

తప్పయిపోయిందని పుస్తకమ్మ అంది. అత్తగారు చిక్కుళ్ల పళ్లెం ఆమె ఒళ్లో పెట్టి, మిగతావి నువ్వు తియ్యి అన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఈనెలు తీశారు. లేవబోయేముందు ఆవిడ అడిగింది ఒక్కటే, ఆ సిస్టర్ని ఏం చేస్తారని.

*

బుధవారం హెడ్డుగారు తలుపు వేయించి మొత్తం విన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లల ఫీజు కట్టడానికి సెలవు మొదలు అందరి మంచిచెడ్డలూ చూసే మనిషి. విన్నాక చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“వరస మళ్లీ పెట్టెయ్. ఇవాళే పెట్టెయ్. ఎవరూ అడగరు,” అన్నారు.

మరి పేజీ, అని ఆమె అడిగింది. పేజీ అనుకున్నట్టే రాయమన్నారు. బెల్లు ఇప్పుడు మోగుతూనే ఉంది, సోమవారం నుంచి ఏ లోపమూ ఉండదు, రాసిందేదీ అబద్ధం కాదు. సిస్టరు ఎలాగూ ఒప్పుకుంది. ఆమెకు ఇంకో ఆస్పత్రి దొరక్కపోదు. పుస్తకం తప్పని ఒక్కసారి రాస్తే మాత్రం రేపట్నుంచి ఒక్క డిపార్ట్‌మెంటూ దాన్ని నమ్మదు, ప్రతివాడూ వచ్చి సర్వర్లో చెయ్యి పెడతాడు, అప్పుడు ఎంతమంది పోతారో లెక్కేసుకో అన్నారు. అందులో నిజం లేకపోలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

ఆమె లేచి తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు.

“నీకు అంతగా ఉంటే, తీసేసింది పెద్దాయనే అని రాసెయ్. పోయినవాణ్ణి ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు.”

గురువారమంతా ఆమె ఆ వరస ముందు కూర్చుంది. పెద్దాయన పేరు టైపు చేస్తే ఎలా ఉంటుందో చూద్దామని చేసింది కూడా. తప్పు, తేదీ, పేరు, అన్నీ చక్కగా గడుల్లో అమిరాయి. పై వరసలో ఆయన సొంత మాట అలాగే ఉంది, నన్ను అడగండి అని. ఆయన ఆ మాట రాసేటప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు వచ్చి అడుగుతారనే అనుకుని ఉంటాడు. ఆరో గది ఆవిడ తలుపువైపు చూసినట్టే చూసి ఉంటాడు. పుస్తకమ్మకు ఆ గదిలో తన వెనక ఎవరో నిలబడ్డట్టనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు, ఫైళ్ల బీరువా ఉంది. పేరు చెరిపేసింది.

తరవాత వరస నింపింది. విలువ: మైనస్ వెయ్యి. ఎందుకు: “ఇది చస్తే వార్డులో మనిషి పిలిచినా ఎవరికీ వినపడదు. పద్నాలుగు నెలల కిందట ఈ వరసను అడక్కుండా తీసేసింది నేను. అప్పట్నుంచి రోజూ మూడూ పది నుంచి మూడున్నర దాకా బెల్లు పనిచేయలేదు. రెండో అంతస్తు సిస్టరు చెప్పింది నిజం.” ఎవరు అడిగారు అన్న గడి దగ్గర చాలాసేపు ఆగింది. ఆఖరికి “నాలుగో గది, ఆరో గది, తొమ్మిదో గది” అని రాసి, కింద తన పేరు పెట్టింది. పక్కనున్న ఎక్స్‌రే ప్రోగ్రాం మైనస్ వెయ్యి తీసేసింది. ఎందుకో అక్కడా రాసింది.

హెడ్డుగారు అడిగిన పేజీకి బదులు ఆ వరసనే అచ్చు తీసి పెద్ద డాక్టరమ్మకు పంపింది. రేపు పదింటికి ఆ సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారని, విచారణకు ముందు దయచేసి ఒకసారి వార్డు కౌంటర్ దగ్గరికి రమ్మని కింద రెండు మాటలు చేర్చింది.

*

శుక్రవారం పదింటికి అన్నయ్య రీస్టార్ట్ చేశాడు. సర్వర్ లేచి పాత పిలుపులు అయ్యేదాకా గదులన్నీ కనిపెట్టుకుని ఉండమని పుస్తకమ్మ చెబితే ఇంకో సిస్టరు తిరుగుతోంది. పెద్ద డాక్టరమ్మ చేతిలో ఫైలుతో, టైము లేనట్టు నిలబడి ఉన్నారు. సిస్టరు తన కుర్చీలో కూర్చుంది. ఏం జరగబోతోందో పుస్తకమ్మ ఆమెకు చెప్పింది. ఆమె విన్నట్టుగాని నమ్మినట్టుగాని లేదు. చీటీల కట్ట దగ్గరకు లాక్కుందంతే.

పదీ ఏడుకు బెల్లు మోగింది. మూడో గది.

పుస్తకమ్మ చేతిలో నలభై మూడు పిలుపుల జాబితా ఉంది. పదకొండు వారాల కిందట, మంగళవారం, మూడూ పద్నాలుగు అని చదివింది. సిస్టరు మూడు అని రాసుకుని వెళ్లింది. ఇప్పుడా గదిలో ఉన్న కుర్రవాడు పేపర్ దించి, నేను పిలవలేదే అన్నాడు. తెలుసండీ అని సిస్టరు బటన్ నొక్కి వచ్చింది. ఆమె కూర్చోకముందే బెల్లు మళ్లీ మోగింది. మూడో గదే. తరవాత ఏడు. తరవాత ఒకటి, మళ్లీ ఒకటి. పుస్తకమ్మ తేదీలు చదువుతూనే ఉంది. వాళ్లలో చాలామంది ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు, కొందరు బాగానే ఉండి ఉంటారు. నీళ్లకో, మంచం ఎత్తు తగ్గించడానికో, ఉట్టి భయానికో పిలిచినవాళ్లు. వాళ్లందరూ ఇప్పుడు ఒకరి వెనక ఒకరు వరండాలో నిలబడ్డట్టుంది. పెద్ద డాక్టరమ్మ ఫైలు కౌంటర్ మీద పెట్టేశారు. పదిహేనో బెల్లు దగ్గర, ఇంకెన్ని అని అడిగారు.

సిస్టరు ఒక్కదాన్నీ వదల్లేదు. పరుగెత్తలేదు, ఆగలేదు. ఇంకో సిస్టరు నేను వెళ్తానంటే వద్దంది.

ముప్ఫై మూడోది తొమ్మిదో గది.

పుస్తకమ్మ తేదీ చదవలేదు. చదవక్కర్లేకపోయింది. సిస్టరు చీటీ మీద తొమ్మిది అని రాసింది, కలం మూత పెట్టింది, వెళ్లింది. ఆ గదిలోకి ఇంకా ఎవర్నీ చేర్చలేదు, దుప్పటి పరిచిన మంచం ఒక్కటే ఉంది. బెల్లు ఆగింది. వెంటనే రెండోసారి మోగింది, ఆగింది. మూడోసారి మోగింది.

ఈసారి ఆగలేదు. మోగుతూనే ఉంది. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. పెద్ద డాక్టరమ్మా పుస్తకమ్మా తొమ్మిదో గది గుమ్మం దాకా వెళ్లారు. సిస్టరు మంచం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. బటన్ ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. తల కాస్త వంచి వింటోంది.

“వినపడుతోందండీ,” అంది. “మీక్కూడా వినపడుతోందిగా?”

“వినపడుతోందమ్మా,” అన్నారు పెద్ద డాక్టరమ్మ.

అప్పుడు ఏడ్చింది. ఇంకాసేపు మోగనిచ్చి, ఖాళీ మంచంతో, వచ్చానండీ అని చెప్పి, బటన్ నొక్కింది.

మిగతావి కూడా తిరిగింది. జాబితాలో ఆఖరిది సోమవారం నాటి ఆరో గది. అది అయ్యేసరికి పదకొండు దాటింది. పెద్ద డాక్టరమ్మ సిస్టరు ఒప్పుకుంటూ పెట్టిన సంతకం కాగితాన్ని ఫైల్లోంచి తీసి ఆమె చేతికే ఇచ్చారు. తరవాత పుస్తకమ్మవైపు తిరిగి, అయితే విచారణ మీ మీద జరగాలి కదా అన్నారు. అవునండీ అంది పుస్తకమ్మ. సోమవారం రమ్మన్నారు. చీటీలన్నీ పక్కకు జరిపి, సిస్టరు తన కుర్చీ లాగి ఆమెకు వేసింది. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు, కూర్చోండి అంది.

బెల్లు మోగింది. రెండో గది.

పుస్తకమ్మ కాగితం చూసింది. అది అందులో లేదు. తల ఎత్తేసరికి సిస్టరు అప్పటికే సగం వరండా దాటేసింది. రెండో గది ఆవిడకు మంచినీళ్లు కావాలట.